మహాతల్లి ఇంకా లేవలేదు

మా పెళ్ళికి మా ఆయనతో పనిచేసేవాళ్ళంతా కలిసి ఒక ఓవెన్ కొనిచ్చారు. వాళ్ళందరూ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కులు. అలాంటివాళ్ళు గుంపుగా దుకాణానికి వెళ్తే ఇంకేం కొంటారు? తలుపున్న ఇనప పెట్టె, లోపల దీపం, పక్కన మీటలు. చూడగానే చుట్టాన్ని చూసినట్టు అనిపించి ఉంటుంది. మా ఆయన దాన్ని అట్టపెట్టెలోంచి తీసి బల్లమీద పెట్టి, తలుపు రెండుసార్లు తీసి వేసి చూసి, "ఇదీ లిఫ్టే. ఎక్కడికీ వెళ్ళదంతే," అని నాకు పరిచయం చేశాడు.

ఇక్కడో మాట చెప్పాలి. నలుగురిలో నేను ఆయన్ని ఏమండీ అంటాను, మీరు అంటాను. తలుపు వేస్తే నువ్వు. ఇది కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదు, దానంతటదే కుదిరింది. నాకు మాత్రం భలే సరదాగా ఉంటుంది. ఉన్న ఒక్క మొగుణ్ణీ రోజూ రెండు రకాలుగా పిలుచుకోవటమంటే ఒకే చొక్కాని తిరగేసి రెండోవైపు కూడా తొడుక్కోవటం లాంటిది, కొత్తది ఇంకోటి దొరికినట్టే. మీకు ఈ కథ తలుపు వేసే చెప్తున్నాను కాబట్టి 'అన్నాడు' అనే రాస్తాను.

ఇంట్లో మూడో మనిషి మా వదిన, మా ఆయన అక్క. ఆవిడకి తలుపు తీసినా వేసినా మీరే. వదిన దర్జీ. వీధి చివర మలుపులో ఆవిడ కొట్టు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు, అందుకే వీధిలో అందరికీ టేపక్క. అమ్మానాన్నా పోయేనాటికి మా ఆయన పలక పట్టుకునే పిల్లాడు. అప్పటినించీ ఆ టేపుతోనే తమ్ముణ్ణి కొలుస్తూ, లాగులకి అంచులు విప్పి పొడుగు చేస్తూ, పెంచి ఇంతవాణ్ణి చేసి నా చేతిలో పెట్టారు. గుమ్మం దగ్గర తల వంచుకుని రావలసినంత ఎత్తు మనిషిని ఇప్పటికీ "బుడ్డోడా" అనే పిలుస్తారు.

వదిన వంటకి వంక పెట్టటానికి లేదు. అదే నా చిక్కు. చెయ్యటానికి నాకేం మిగల్లేదు. నేను వంటింట్లోకి వెళ్తే ఆవిడ పక్కకి జరిగేవారు. ఆవిడ వస్తే నేను జరిగేదాన్ని. "నువ్వు కానీ", "పర్వాలేదు మీరు కానివ్వండి" అని ఒకరికొకరం దారిచ్చుకుంటూ ఉంటే వెనక పొయ్యి మీద టీ పొంగి పోయేది. ఎన్నిసార్లు పోయిందో పొయ్యిని అడగాలి.

వదినకి రాని పని నాకు ఒక్కటే కనబడింది. బ్రెడ్డు. అదైతే నాది అనుకున్నాను. పైగా నేను చదివింది మైక్రోబయాలజీ, పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. పరీక్షలో ఈస్టు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కాకపోతే ముఖాముఖి ఎప్పుడూ కలుసుకోలేదు. మొదటిసారి కలిసినప్పుడు దానిమీద సలసలా మరిగే నీళ్ళు పోశాను. "అంత చదువూ చదివి, స్నానానికి రమ్మని పిలిచి చంపేశావు కదే," అన్నాడు మా ఆయన. ఆ బ్రెడ్డుని బల్లమీద పెడితే ఠక్కుమని చప్పుడైంది. వదిన మాత్రం ఒక ముక్కని టీలో చాలాసేపు నానబెట్టి, చాలాసేపు నమిలి, "నమిలేకొద్దీ తీపొస్తోంది," అన్నారు. ఆవిడ ఎవర్నీ నొప్పించరు. నిజంగానే తీపొస్తోందేమోనని నేనూ నమిలి చూశాను. దవడ నొప్పొచ్చింది.

రెండోసారి అన్నీ సరిగానే చేశాను. గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు పంచదార, ఈస్టు. నురగ వచ్చింది. మైదాలో ఉప్పూ నూనే వేసి, ఆ నీళ్ళు పోసి, చేతులు నొప్పెట్టేదాకా పిసికాను. తడిగుడ్డ కప్పాను, చలి తగలకుండా కిటికీ మూశాను, గిన్నె చుట్టూ తువ్వాలు చుట్టాను. అది కదల్లేదు, మెదల్లేదు. మా ఆయన వచ్చి గుడ్డ ఎత్తి చూసి, "ఇన్ని సేవలు చేయించుకుని కూడా లేవదేం, మహాతల్లి," అన్నాడు.

ఆ పేరు అతుక్కుపోయింది. లేవటం అనే మాటా ఆయనదే. వాళ్ళ పనిలో లిఫ్టు చెడిపోతే లేవట్లేదంటారు, బాగైతే లేచిందంటారు. అందరిళ్ళలోనూ పొంగే పిండి మా ఇంట్లో లేస్తుంది. కానీ ఈ మాటలన్నీ మా గదిలో, మా దుప్పటి కింద పుట్టినవి. గది దాటి వెళ్ళినవి కావు.

ఈ మూడోసారి బ్రెడ్డు మాత్రం ఆటకి కాదు.

ఓవెన్ పెట్టిన బల్ల ఎవరిదనుకున్నారు? వదిన కుట్టుమెషీనుది. ఓవెన్ ఇంట్లోకి వచ్చిన మర్నాడే ఆవిడ మెషీనుని కొట్టుకి పంపించేశారు. కొట్టులో అప్పటికే ఒకటుంది. రెండోది ఎందుకూ అంటే, పని ఎక్కువైందన్నారు. కొన్నాళ్ళకి ఇస్త్రీపెట్టె వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ దిండు. మధ్యాహ్నం నడుం వాల్చటానికి అన్నారు. రాత్రికి మళ్ళీ తెస్తారనుకున్నాను. తేలేదు. మడత పెట్టిన దుప్పటి తలకింద పెట్టుకుని పడుకున్నారు. ఒకరోజు అన్నాల దగ్గర, కొట్టు పైన గది ఖాళీ అయిందని, ఇంటామె తనకే ఇస్తానంటోందని, ఏ మాటా ఆదివారం చెప్తానన్నానని చెప్పారు. సంతలో కూరలు బాగున్నాయని చెప్పినట్టే చెప్పారు.

మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. గదిలోకి వచ్చాక మంచం అంచున కూర్చుని, వెళ్ళొద్దంటే బలవంతపెట్టినట్టూ, సరేనంటే వెళ్ళిపొమ్మన్నట్టూ ఉంటుందని, తనకి నోరు రాలేదని అన్నాడు. నాదీ అదే సంగతి. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. నేను ఉండండి అంటే మాటవరసకి అన్నట్టుంటుంది. నిజం చెప్పాలంటే నాకు వదిన కావాలి. సాయంత్రం ల్యాబునించి వస్తే, నేను చెప్పే సోదంతా సూదిలో దారం ఎక్కించుకుంటూ వినే మనిషి కావాలి. నా జాకెట్ల చంకలో కుట్లు నేను అడక్కుండానే వదులు చేసే మనిషి కావాలి. ఇదంతా ఎలా చెప్పటం?

అందుకని ఒక పథకం వేశాను. ఆదివారం పొద్దున్న ఆవిడ లేచేసరికి ఇంటినిండా బ్రెడ్డు వాసన ఉండాలి. వేడివేడి ముక్క మీద వెన్న రాసి చేతికిస్తాను. ఒక కొరుకు కొరకగానే, ఉండిపోండి వదినా అంటాను. నోట్లో ముద్ద ఉన్న మనిషి కాదనలేదు కదా. మా ఆయనకి ఈ పథకం తెగ నచ్చింది. అక్కకి నోరు మూతపడే సమయం అదొక్కటే అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయనకి ఫోనొచ్చింది. ఒక పెద్ద మేడలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల మనుషుల్లేరు కానీ మేడమీదికి సామాన్లు చేర్చుకునేవాళ్ళు కింద నిలబడి గోల పెడుతున్నారట. ఆయన బూట్లు వేసుకుంటూ, మహాతల్లిని నీకు అప్పజెప్పి పోతున్నానన్నాడు. 

బయట చలి కొరికేస్తోంది. పిండి కలిపి, పిసికి, గిన్నెలో వేసి, దీన్ని ఎక్కడ పెట్టనా అని ఇల్లంతా తిరిగాను. వంటిల్లు చల్లగా ఉంది. ముందుగదిలో కర్టెన్ అవతల వదిన నిద్రపోతున్నారు. ముందురోజు బడి యూనిఫారాలు కుట్టి కుట్టి అలిసిపోయి వచ్చారు. మా గదిలోకి వచ్చి మంచం మీద చెయ్యి వేశాను. మా ఆయన పడుకున్న చోట, పరుపులో ఆయన ఒంటి ఆకారంలో ఒక గుంట ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఓవెన్ తెచ్చిన మనిషి దగ్గర పొయ్యి కూడా ఉంది మరి. గిన్నెని ఆ గుంటలో కూర్చోబెట్టి, వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, ఇద్దరి దుప్పట్లూ మెడదాకా కప్పాను. మెడ లేదు కానీ, ఉంటే అక్కడిదాకా.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆయన ఆ మేడ పైకప్పు కింద మోటారు గదిలో ఉన్నాడు. వెనక మోటారు గుర్రుమంటోంది. ఆయన మాట నాకు తెలుస్తోంది కానీ నాది ఆయనకి తెలియటం లేదు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి గొంతు పెంచాను.

"ఇంకా లేవలేదు," అన్నాను. "ఆఁ? లేవలేదూ అంటున్నా. మహాతల్లి ఇంకా లేవలేదు. దుప్పటి కప్పుకుని ముద్దలా పడుంది."

ఇంకాసేపు చూడమన్నాడు.

"ఎన్నాళ్ళని చూడను? నావల్ల కాదు దీనికి సేవలు చెయ్యటం. ఈసారి కూడా లేవకపోతే తీసుకెళ్ళి బయట పడేస్తా. పీడా పోతుంది."

లేస్తుందిలే, లేచాక ఏం చెయ్యాలన్నావ్ అని అడిగాడు, నన్ను నవ్వించటానికి.

"నాలుగు గుద్దులు గుద్దాలి," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఫోన్ పెట్టేసి పాట పాడుకుంటూ గట్టు తుడిచాను.

మా ఇంట్లో వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు, ఉన్నది కర్టెన్ ఒక్కటే. ఆ సంగతి అప్పుడు తట్టి ఉంటే ఈ కథే లేదు.

కొంచెంసేపటికి వదిన వచ్చారు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, మెడలో టేపు వేసుకుని ఉన్నారు. గుమ్మం దగ్గరే ఆగి, "మీరు టీ తాగారా?" అన్నారు.

నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. వదిన నన్ను పెళ్ళిచూపులనాడే నువ్వు అన్నారు. ఆ తర్వాతంతా మరదలా, పిచ్చిమొహమా, సంతోషం పట్టలేనప్పుడు ఒసేయ్ కూడా. తాగలేదన్నాను. మీకు అడ్డం కాకపోతే పెట్టుకుంటానన్నారు. ఇద్దరికీ పెట్టారు. నాది నా ముందు పెట్టి, తనది నిలబడే తాగి, గ్లాసు కడిగి బోర్లించారు. నేను ఏం మాట్లాడినా ఒక్క మాటలో జవాబు. అన్నిట్లోనూ మీరే. ఆ మీరుతో ఆవిడ గదిలో ఉండగానే ఎక్కడికో దూరం వెళ్ళిపోయినట్టుంది. రాత్రే నిర్ణయం చేసుకున్నారన్నమాట అనుకున్నాను. వెళ్ళిపోయేవాళ్ళు ముందు మాటల్లోంచి వెళ్ళిపోతారు. నా బ్రెడ్డు లేవనూలేదు, నేను అడగనూలేదు.

అప్పుడు వదిన, "నా సూట్‌కేసు మీ మంచం కింద ఉంది. తీసుకోవచ్చా?" అన్నారు.

తల ఊపాను. ఆవిడ మా గదిలోకి వెళ్తే నేను తోకలా వెంటవెళ్ళాను. వంగి సూట్‌కేసు లాగారు. అరచేత్తో దుమ్ము తుడిచారు. ఉండండి అనాలి, ఇప్పుడే అనాలి, అని నోరు తెరిచాను. ఈలోపల ఆవిడ సూట్‌కేసు ఎత్తి మంచం మీద పెట్టబోయారు. సరిగ్గా మా ఆయన వైపు. నోరెలాగూ తెరిచి ఉంది కాబట్టి అందులోంచి వేరే మాట దూకింది.

"వదినా, అక్కడొద్దు! మహాతల్లి పడుకుని ఉంది!"

సూట్‌కేసు గాలిలో ఆగింది. వదిన నన్ను చూశారు. మంచాన్ని చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"ఎవరూ?" అన్నారు.

నేను పరిగెత్తుకెళ్ళి దుప్పట్లు తీశాను. గిన్నె మీద తడిగుడ్డ గొడుగులా లేచి ఉంది. నెమ్మదిగా ఒలిచాను. పిండి గిన్నె అంచు దాటి వచ్చి, నున్నగా, బొద్దుగా, మధ్యలో ఒక పెద్ద బుడగతో కూర్చుని ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా మళ్ళీ నిండింది. నేను సూట్‌కేసు, కొట్టుపైన గది, అన్నీ మర్చిపోయాను. "లేచింది వదినా," అన్నాను. "చూడండి, లేచింది."

వదిన సూట్‌కేసుని కింద పెట్టి దానిమీదే కూర్చున్నారు.

"మహాతల్లి ఇదా?"

"అవును. ఆయన పెట్టారు పేరు."

"దుప్పటి కప్పుకుని పడుందన్నది దీన్నా?"

"అవును."

"బయట పడేస్తానన్నది?"

"దీన్నే. కిందటిసారి కూడా ఇలాగే..." 

"మరి నాలుగు గుద్దులు?"

"అవి గాలి పోవటానికి వదినా. లేచాక ఓసారి గుద్ది, మళ్ళీ..." 

అక్కడ నా మాట ఆగిపోయింది. పొద్దున్న కిటికీ దగ్గర నేను అరిచిన ప్రతి ముక్కా ఒక్కొక్కటే తిరిగి వచ్చి నా చెవిలో పడింది. మహాతల్లి. పడుంది. సేవలు నావల్ల కాదు. పీడా పోతుంది. పిండికీ ఆడమనిషికీ ఒకే క్రియ పెట్టుకున్న భాష మనది. పిండీ పడుంటుంది, ఆడమనిషీ పడుంటుంది. కర్టెన్ అవతలినించి వినేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? నేనూ నేలమీద కూర్చున్నాను.

వదిన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. మొదట చప్పుడు లేకుండా, తర్వాత పొట్ట పట్టుకుని, ఆ తర్వాత కళ్ళు టేపు కొసతో తుడుచుకుంటూ. ఆవిడ నవ్వేకొద్దీ నాకు ఏడుపొచ్చింది. మిమ్మల్ని నేను అలా అంటానా అని అడిగాను, ముక్కు చీదుకుంటూ.

"అంటావనే అనుకున్నా కదే, పిచ్చిమొహమా," అన్నారు వదిన. "ఎలా అనుకున్నానో నాకే తెలీదు. రాత్రి అలిసి పడుకున్నా, పొద్దెక్కేదాకా లేవలేదు, కొత్తపిల్లకి ఎన్నాళ్ళని ఓపికుంటుందిలే అనుకున్నా. నాలుగు గుద్దులన్నప్పుడు మాత్రం కొంచెం ఎక్కువే అనిపించింది."

ఒసేయ్ లేదు కానీ నువ్వు వచ్చేసింది. పిచ్చిమొహం కూడా వచ్చేసింది. ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అంతవరకూ తెలీదు. ఆ ధైర్యంతో అడిగేశాను. అసలు ఎందుకు వెళ్తానన్నారని.

వదిన టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, కర్టెన్ అవతల అక్క దగ్గుతూ ఉంటే నవ్వుకోవటానికి కూడా మొహమాటపడతారని, తనే ముందు జరిగితే బాగుంటుందని అనుకున్నారట. మెషీను పంపించినప్పుడు ఎవరూ ఎందుకనలేదు. ఇస్త్రీపెట్టెకీ అనలేదు. దిండు తీసుకెళ్ళిననాడు గుమ్మంలో కాసేపు నిలబడ్డారట, ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

"ఎవరూ ఉండమనలేదు," అన్నారు. "అందుకని వెళ్దామనుకున్నా."

"మేం ఉండమంటే మీరు మా మొహం చూసి ఉండిపోతారేమోనని అనలేదు," అన్నాను. "మీ ఇష్టానికి అడ్డం రాకూడదని ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం."

వదిన నన్ను తేరిపార చూశారు. "బాగుంది. పొయ్యి దగ్గర దారిచ్చుకుంటూ టీ పొంగబెట్టినట్టే," అన్నారు.

అప్పుడు నా పథకం మొత్తం చెప్పేశాను. వేడి ముక్క, వెన్న, నోట్లో ముద్ద ఉండగా అడగటం, అన్నీ. ఉండిపోండి వదినా అని కూడా అన్నాను, పథకంలో లేని చోట, ముక్కు కారుతూ ఉండగా. వదిన శ్రద్ధగా విన్నారు.

"పథకం బాగానే ఉంది," అన్నారు. "కానీ ఖాళీ నోటితో నేనేం చెప్పను. ముందు ముద్ద సంగతి చూడు."

లేచి నిలబడి, చేతులు కడుక్కుని వచ్చారు. నాలుగు గుద్దుల్లో రెండు తనవేనన్నారు, తన పేరుమీద పడ్డవే కాబట్టి. పిడికిలి పిండిలోకి దిగగానే అది ఉస్సురంది. వదిన చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయారు. "బుడ్డోడి పొట్ట ఇలాగే ఉండేది, పాలు తాగాక," అన్నారు. నా వంతు గుద్దులు నేను మెల్లిగా గుద్దాను.

పిండిని మడిచి, రేకు డబ్బాలో సర్ది, మళ్ళీ దుప్పట్ల కింద పెట్టబోతే వదిన ఆపారు. టేపు తీసి డబ్బా చుట్టూ కొలిచారు. తర్వాత గిన్నె చుట్టూ, గిన్నె ఎత్తూ. పెదవుల మధ్య గుండుసూది లేకపోయినా ఉన్నట్టే మూతి బిగించి, అంకెలు గొణుక్కున్నారు. మొగుడూపెళ్ళాల మంచం మీద దీన్ని పడుకోబెట్టటమేమిటి, దీనికంటూ ఒక దూది పెట్టిన టోపీ కుట్టి పెడతానన్నారు. ఎదిగే ఒంటికి బిగుతుగా కుట్టకూడదు, నాలుగు వేళ్ళు వదులుండాలట.

కొట్టులో కుడతారా అని అడిగాను.

"కొట్టులో కుడితే సరిచూసుకోవటానికి గిన్నె పట్టుకుని వీధంతా ఎవరు తిరుగుతారు? మెషీను ఇక్కడుంటే..." అని ఆవిడ ఆగారు. బల్లమీద ఓవెన్ దర్జాగా కూర్చుని ఉంది.

నేను ఓవెన్ ప్లగ్గు పీకేశాను. ఎక్కడికీ వెళ్ళని లిఫ్టు ఆ పూట మొదటిసారి ప్రయాణం చేసింది. చెరో వైపూ పట్టుకుని వంటింట్లోకి మోశాం. గట్టుమీద జాగా చెయ్యటానికి డబ్బాలు జరపాలి. ఆ ఇరుకులో నా మోచెయ్యి ఆవిడకి తగిలింది, ఆవిడ కాలు నా కాలిమీద పడింది. ఈసారి ఎవరూ పక్కకి జరగలేదు. పొయ్యి మీద టీ పెట్టాం. అది కూడా పొంగలేదు.

బ్రెడ్డు ఓవెన్లో ఉండగా ఇద్దరం దాని ముందు ముక్కాలిపీటల మీద కూర్చున్నాం. అద్దంలోంచి చూస్తూ ఉంటే అది డబ్బా అంచు దాటి మెల్లగా పైకి వచ్చింది, ఒకవైపు కొంచెం ఎక్కువ. వాసన మొదలైంది. ముందు పచ్చిపిండి వాసన, తర్వాత వేయించిన గింజల వాసన, ఆ తర్వాత నేను పేరు పెట్టలేనిది, ఆకలికీ సంతోషానికీ మధ్యలో ఉండేది. వదిన కళ్ళు మూసుకుని పీల్చారు.

కళ్ళు మూసుకునే, "ఒక మాట అడుగుతా," అన్నారు. "పిండిముద్దని అదీ ఇదీ అంటావు. వాణ్ణి నువ్వంటావు. నన్ను మాత్రం మీరు."

ఆయన్ని నువ్వంటానని మీకెలా తెలుసన్నాను, చెవులు వేడెక్కుతుంటే.

"కర్టెన్ చెప్పింది. పొద్దున్న నేనూ నిన్ను మీరన్నా కదా. ఎలా ఉంది?"

"బాలేదు," అన్నాను.

"మరి?" అన్నారు వదిన, కళ్ళు తెరిచి.

ఓవెన్ గంట మోగింది. బ్రెడ్డుని బయటికి తీశాం. పైన గోధుమరంగు, ఒక పక్క చిన్న చీలిక, మొత్తం మీద కొంచెం వంకర. డబ్బాలోంచి బోర్లించి అడుగున తడితే డొల్లగా మోగింది. అలా మోగాలని నేను వీడియోల్లో చూశాను, నిజంగా మోగుతుందని మాత్రం అనుకోలేదు. ఇంకో రెండుసార్లు తట్టాను. చల్లారనివ్వాలట. మేం ఆగలేదు. కత్తి నా చేతిలో ఉంది. వదిన వైపు తిరిగాను. నా నాలుకకి ఆ మాట కొత్త, ఒకసారి తడబడింది.

"వదినా, నువ్వు కొయ్యి."

వదిన కత్తి తీసుకుంది. బట్ట కత్తిరించేటప్పుడు చూసుకున్నట్టే ఒక కన్ను మూసి గీత చూసుకుని, ఒక్క కోత కోసింది. లోపల తెల్లగా, చిన్నచిన్న గదులతో, పొగలు కక్కుతూ ఉంది. వెన్న రాస్తే రాసినచోటే కరిగిపోయింది. వదిన కొరికింది. నేను కాచుకుని ఉన్నాను కదా, ఆ క్షణానికే. బుగ్గలో ముద్ద ఉండగా మళ్ళీ అడిగాను. "ఉంటావా?"

వదిన నమిలింది. చాలాసేపు నమిలింది, ఆ మొదటి ఇటుకని నమిలినంతసేపు. ఈ బ్రెడ్డుకి అంత అవసరం లేదు.

ఈలోగా మెట్లమీద బూట్ల చప్పుడైంది. మా ఆయన తల వంచుకుని గుమ్మంలోంచి వచ్చాడు. చేతులనిండా గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. వాసనకి ముక్కుపుటాలు ఎగరేస్తూ, వంటింట్లో ఎవరున్నారో చూసుకోకుండానే, "ఏమోయ్, మహాతల్లి లేచిందా?" అన్నాడు.

ఆ తర్వాత అక్కని చూశాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు.

"లేచిందిరా బుడ్డోడా," అంది వదిన. "ఇద్దరు మహాతల్లులమూ లేచాం. చేతులు కడుక్కుని వచ్చి తిను. తిన్నాక నాతో కొట్టుకి రా. పైగది వేరేవాళ్ళకి ఇచ్చుకోమని ఇంటామెకి చెప్పాలి. వచ్చేటప్పుడు నువ్వు మెషీను మోసుకు రావాలి."

ఆయన ఖాళీ బల్లని చూశాడు, నన్ను చూశాడు. నాకు చెప్పాలని ఎంతో ఉంది కానీ నా నోరు కూడా బ్రెడ్డుతో నిండి ఉంది. ఆయన గ్రీజు చేతులతోనే కళ్ళు తుడుచుకోబోతే వదిన ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. టేపు కొసతో తనే తుడిచింది.

"ఇస్త్రీపెట్టె?" అన్నాడు ఆయన.

"అది రేపు తెచ్చుకోవచ్చు," అంది వదిన. ఇంకో ముక్క కోసి, వెన్న రాసి తమ్ముడి నోటికి అందించింది. "దిండు మాత్రం ఇవాళే."